దానమ్మను నిలబెట్టిన ఫ్లెక్సీ

పోయిన వేసవిలో చింతపల్లి వైపు వెళ్లొచ్చానని చెప్పిన దగ్గర్నుంచి, "ఆ ఫ్లోరైడ్ ఊళ్లకు ఎలా వెళ్లాలి? చూపించేవాళ్లు ఉంటారా?" అని కామెంట్లలో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఏదో జలపాతం గురించి వాకబు చేసినట్టే అడుగుతున్నారు. చదివి నాకు ఒళ్లు మండింది. అయినా దారి చెబుతాను. ఎందుకు చెబుతున్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. నేను వెళ్లింది చూడటానికి కాదు. మహబూబ్‌నగర్ హాస్టల్లో నాతోపాటు చదువుకున్న సుజాత వాళ్ల అక్క దానమ్మ చనిపోయింది. జ్ఞాపకార్థ కూడికకు రమ్మని ఫోన్ చేసి, "జడ్చర్లల ఫ్లెక్సీకి చెప్పిన, వచ్చేటప్పుడు జర పట్టుకరావే" అంది సుజాత. దానమ్మను నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగి, వాటిలోని ఫ్లోరైడ్‌తో కాళ్లు మెలితిరిగి, నడుము ఒంగిపోయిన మనిషని మాత్రం తెలుసు.

పొద్దున ఆరున్నరకు మహబూబ్‌నగర్‌లో ఎక్కితే అరగంటలో జడ్చర్ల. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోకండి, ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఛార్జీ లేదు. జడ్చర్ల చౌరస్తాలో దిగగానే పుట్టినరోజు నాయకులు నాలుగు దిక్కులా చేతులు జోడించి నిలబడి ఉంటారు. ఎండకు మాడిన మా పాలమూరు మొహాలు ఫ్లెక్సీ ఎక్కేసరికి మీగడలా తేలిపోతాయి. ముందే చెప్పి ఉంచడంతో ఫ్లెక్సీ షాపతను దుకాణం తెరిచే ఉంచాడు. చుట్ట విప్పి చూపించాడు. ఎర్ర పట్టుచీరలో ఒకావిడ నిటారుగా నిలబడి ఉంది. తెల్లటి పాదాలు, నున్నటి చేతులు. మొహం మాత్రం దిగాలుగా ఉంది.

"ఫుల్ సైజు గావాలన్నరు మేడం. ఇచ్చిందేమో పేపర్ల వచ్చిన ఫొటో. అండ్ల ఆమె కాళ్లు గట్లున్నయి, ఫ్లెక్సీ మీద బాగుండయి గదా. వేరే బాడీ పెట్టిన. రంగు గూడ జర తేల్చిన" అన్నాడు. వేరే బాడీ అనే మాట అతనికి మామూలే. చనిపోయిన మగవాళ్లందరికీ కోటు తొడిగే చెయ్యి అది. సుజాత కోరిందే కదా అని నేనూ చుట్ట చంకన పెట్టుకున్నాను.

కల్వకుర్తి మీదుగా కొండమల్లేపల్లికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది. టిఫిన్ కల్వకుర్తి బస్టాండులోనే కానిచ్చేయండి, తర్వాత సరైన చోటు దొరకదు. కొండమల్లేపల్లిలో హైదరాబాద్ బస్సెక్కి చింతపల్లిలో దిగాను. చెట్టు కింద ఆటో అతను నన్నూ, నా చేతిలో చుట్టనూ ఎగాదిగా చూశాడు.

"టీవీవోళ్లా మేడం? నడుమొంగినోళ్ల ఇండ్లన్ని నాకెర్కే. నాలుగిండ్లు సూపిస్త, మళ్ల ఈడ్నే దింపుత. ఆరువందలియ్యుండ్రి."

మనుషుల ఒళ్లు చూపించడానికి కూడా ఒక కిరాయి ఉందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. దానమ్మ కూడికకు వచ్చానని చెప్పాను. అతని మొహం మారిపోయింది. "దానమ్మక్కనా... గామె ఫొటో దియ్యనోడు లేడు మేడం" అని బండి తీశాడు. ఊళ్లోకి నూటయాభై తీసుకున్నాడు.

ఊరు మామూలు ఊరే. వీధి కుళాయిల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలు నిటారుగా పరుగెడుతున్నారు. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ల ఎముకలు మాత్రం ఒంగినవి ఒంగినట్టే ఉన్నాయి. దానమ్మ ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా, పక్కన ఆమె కూర్చునే నులకమంచం. రోజంతా ఆ మంచం మీద నుంచే కర్రతో బిస్కెట్ పొట్లాలు లాగి పిల్లలకు అమ్మేదట. పొయ్యి దగ్గర బగారన్నం వండుతున్న వంటామె నాకు మంచినీళ్లిచ్చి, "మీరు దానమ్మను సూడలేదా? అయ్యో. నవ్విందంటె గా మూలమీద హోటల్ దాక ఇనవడుతుండె" అంది.

సుజాత ఫ్లెక్సీ విప్పి చూసి ఏడ్చేసింది. "ఒక్కపారన్న అక్కను నిలవెడ్దమనుకున్ననే" అంది. రెండు గుంజలకు కట్టించింది. పదకొండున్నరకు పాస్టరుగారు వచ్చారు. దండ వేయడానికి సుజాత వాళ్లమ్మ సాలమ్మను పట్టుకొచ్చారు. ఆమె పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టి మెల్లగా పైదాకా చూసింది.

"ఎవలామె?"

"అక్కనే అమ్మా."

"మొకం అక్కదే. కాళ్లెవలియి? ఇన్నేండ్లు నేనే గదనే కడిగింది. నాకెర్కలేదా నా బిడ్డ కాళ్లు?"

పాస్టరుగారు మెత్తగా, "అవ్వా, పరలోకంల దానమ్మకు కొత్త శరీరమే గదా. ఆడ గిట్లనే నిలబడి ఉంటది" అన్నారు.

"ఆడ ఎట్లుంటదో దేవునికెర్క అయ్యగారూ. గీడ ఎట్లుండెనో నాకెర్క. నా బిడ్డ కూసోని బతికింది. గీమెకు నేను దండెయ్య."

సుజాత కంగారుగా పేపర్ కత్తిరింపు తెచ్చింది. నేల మీద, దుమ్ములో, మోకాళ్ల దాకా చీర జరిగి కూర్చున్న దానమ్మ. సాలమ్మ దాన్ని చేత్తో తోసేసింది.

"అది నీళ్ల కోసం దీసిన ఫొటో. నా బిడ్డ ఫొటో గాదు. పేపరోళ్లు మంచం మీదికెల్లి దించి మట్టిల కూసోవెట్టిండ్రు. చీర పైకి జరపమన్నరు. అది సిగ్గుతోని నవ్వింది. నవ్వకమ్మా, నవ్వితె ఫొటో ఖరాబైతదన్నరు. ఓట్లొచ్చినప్పుడల్ల వచ్చిండ్రు, వచ్చినోడల్ల గదే మాట."

సుజాత తన ఫోన్‌లో అక్క నవ్వుతున్న ఫొటో కోసం వెతికింది. నేను పక్కనే కూర్చుని చూశాను. దానమ్మవి చాలానే ఉన్నాయి. పండక్కి, పుట్టినరోజుకి, ఊరికే. ప్రతి దాంట్లో అదే దిగాలు మొహం, చెయ్యి మోకాలి దగ్గర చీర పట్టుకుని. "నేను నవ్వమన్నా నవ్వకపోయేది. ఫోన్ లేపితె సాలు, గదే మొకం పెడ్తుండె. దించంగనే పకపక నవ్వేది" అంది సుజాత. ఇంతకన్నా ఘోరం నేను ఏ ప్రయాణంలోనూ వినలేదు. ఎవరెవరో వచ్చి ఆమె ఒంటికి దుఃఖం నేర్పి వెళ్లారు. చెల్లెలి ముందు కూడా ఆమె దాన్నే అప్పజెప్పింది.

"మలపుండ్రి" అంది సాలమ్మ. ఇద్దరు కుర్రాళ్లు కట్లు విప్పి ఫ్లెక్సీని తిప్పి కట్టారు. వెనక అంతా తెలుపు. దండను ఆమే నులకమంచం కోడు కొసకు తగిలించింది. పాస్టరుగారు ఆ తెలుపు ముందు నిలబడి ప్రార్థన చేశారు. తర్వాత ఒక్కొక్కరూ దానమ్మ గురించి చెప్పారు. వంటామె ఆమె నవ్వును అనుకరించబోయి మధ్యలో ఆగిపోయింది. "రాదమ్మా నాకు" అని కూర్చుంది.

నాలుగింటికి బయలుదేరాను. సాయంత్రం ఐదు దాటితే పాలమూరు వైపు బస్సులు పలచబడతాయి, గుర్తుంచుకోండి. కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. దుకాణదారు కాళ్లు బాగాలేవని తీసేశాడు. విలేకరులు కాళ్లే కావాలన్నారు. ఒకరికి పనికిరానిది ఇంకొకరికి సరుకు. మధ్యలో మంచం మీద కూర్చుని నవ్విన ఒక ఆడమనిషి ఎవరికీ అక్కరలేకపోయింది. నాకు కోపంగానే ఉంది, ఇప్పటికీ.

ఇక దారి ఎందుకు చెప్పానంటే: మీలో ఎవరైనా ఎప్పుడైనా కెమెరాతో ఆ వైపు వెళ్లి ఉంటే, పాత కార్డులు, పాత ఫోన్లు ఒకసారి వెతకండి. కిరాణా డబ్బా పక్కన మంచం మీద ఒకావిడ నవ్వుతున్న ఫొటో, నవ్విందని మీరు పక్కన పడేసింది, దొరికితే తుడిచేయకండి. ప్రింటు వేయించండి. చింతపల్లిలో దిగి దానమ్మ డబ్బా అనండి, ఆటో అతనే తీసుకెళతాడు. సాలమ్మ గోడకు మేకు కొట్టించి ఉంచింది.