కరివేపాకు చెట్టుకి నేను పెట్టిన పాచి

మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లకి ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో తాలింపులో కరివేపాకు ఉండదు. కింద ఓనరాంటీ ఇంట్లో ఉండదు. పక్కింట్లో, ఎదురింట్లో, ఆ మూల పీజీ వంటగదిలో కూడా ఉండదు. కొనుక్కోవచ్చు కదా అంటారేమో. పదేళ్లుగా గేటు దగ్గర నిలబడి అడిగి తెచ్చుకున్నవాళ్లకి కరివేపాకు కొనాలన్న సంగతి బజారులో గుర్తురాదు, నూనె కాగాక గుర్తొస్తుంది. బెంగళూరు హూడిలో మా వీధి వీధంతా ఇలా చప్పిడి పోపులు పెట్టుకోవడానికి కారణం ఒక్కడే. ఆ ఒక్కడు మీ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు.

మీకు తెలుసు కదా, నాది కాకినాడ. బెంగళూరులో అన్నీ ఉన్నాయి గానీ సముద్రం లేదు. ఆ బాధతో హాల్లో ఒక మూల చిన్న సముద్రం పెట్టుకున్నాను. నాలుగడుగుల ఉప్పునీళ్ల అక్వేరియం. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, కాసిన్ని రాళ్లు. మొదటిరోజే మా ఆవిడ సుధ రొయ్యని చూసి, "ఇదొక్కటే తెచ్చావేంటి, కూరకి చాలదు కదా" అంది.

ఆరు నెలలు బాగానే గడిచింది. తర్వాత పాచి మొదలైంది. రాళ్ల మీద జుట్టులా పొడుగ్గా, అద్దం మీద పేడ అలికినట్టు మందంగా. ఆదివారం గీకితే బుధవారానికి మళ్లీ వచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలు చేపలేవని అడుగుతుంటే నేను వేలితో చూపించాల్సి వచ్చేది.

అప్పుడు ఇంటర్నెట్‌లో జ్ఞానోదయమైంది. పాచిని చంపడం కుదరదు, దానికి ఇంకో ఇల్లు చూపించాలి. ఒక ప్లాస్టిక్ జాలీ మీదుగా ట్యాంకు నీళ్లు జారేలా చేసి, దాని మీద ఎర్ర లైటు వెలిగిస్తే పాచి హాయిగా అక్కడే పెరుగుతుంది. నీళ్లలో ఉన్న చేపల మలినమంతా అదే తినేస్తుంది. ట్యాంకులో పాచికి తిండి దొరకదు. వారానికోసారి ఆ జాలీ గీకేస్తే చాలు. దీన్ని ఆల్గే స్క్రబ్బర్ అంటారు. రెడీమేడ్ దొరుకుతుంది. కానీ ఇంజినీరన్నవాడు కొంటాడా? నేనే చేస్తానన్నాను.

సుధ ఎంబ్రాయిడరీ సామాన్లలోంచి ఒక జాలీ ముక్క కొట్టేశాను. పాచి పట్టుకోవాలంటే అది గరుగ్గా ఉండాలట, వంటింట్లోంచి కొబ్బరి కోరాం తెచ్చి రెండు వైపులా గీరాను. పాత బియ్యం డబ్బా పెట్టె అయింది. పీవీసీ గొట్టానికి నిలువునా సన్నటి చీలిక కోశాను. చేయి వణికి అది కాస్త వంకర పోయింది. పంపు వేయగానే నీళ్లు జాలీ మీదకి బదులు గోడ మీదున్న మా పెళ్లి ఫోటో మీదకి వెళ్లాయి. అందులోనూ సుధ ముఖం మీదే పడ్డాయి, నా వైపు పొడిగానే ఉంది. అది కావాలని చేసింది కాదని ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మూడో గొట్టానికి కుదిరింది. పది రోజులు జాలీ మీద గోధుమరంగు జిగురు తప్ప ఏమీ లేదు. మూడో వారానికి చూద్దును కదా, పచ్చటి పాచి దట్టంగా పట్టింది, అటు ట్యాంకులో రాళ్లు తేటపడ్డాయి. ఇంట్లో పాచి పట్టిందని ఫోటో తీసి అందరికీ పంపిన మొదటి తెలుగువాణ్ణి నేనే అయి ఉంటాను. గీకడానికి నా పాత కంపెనీ ఐడీ కార్డు వాడాను. ఆ కంపెనీలో ఉన్న నాలుగేళ్లూ చేయనంత ప్రొడక్షన్ ఆ కార్డు ఇప్పుడు చేసింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

మా ఓనరు మునిరత్నమ్మగారు కింద పోర్షన్‌లో ఉంటారు. అరవై దాటాయి. మేం ఆంటీ అంటాం, ఆవిడ నన్ను కిశోరప్పా అంటుంది. ఎర్ర లైటు చూసి ఒక సాయంత్రం పైకి వచ్చింది.

"ఏమప్పా, పైన బారు ఏమైనా పెట్టినావా? కిటికీ అంతా ఎర్రగా ఉండాది."

మిషను చూపించాను. అప్పుడే గీకిన పాచి ముద్ద ఒక స్టీలు గిన్నెలో ఉంది, సుధ పేరు చెక్కిన గిన్నె. "ఇదేం చేస్తావప్పా?" అని అడిగింది ఆంటీ. పారేస్తానని చెప్పచ్చు కదా. చెప్పలేదు. అంతకుముందే ఒక వీడియో చూశాను, అక్వేరియం పాచి మొక్కలకి బంగారమని. పదిహేను నిమిషాల వీడియో, రెండింతల స్పీడులో పెట్టి, మధ్యమధ్యలో దాటేసి చూశాను. ఆఫీసు ట్రైనింగులన్నీ అలాగే పూర్తి చేసినవాణ్ణి.

"ఇది మొక్కలకి ఫస్ట్ క్లాస్ ఎరువు ఆంటీ. నైట్రోజన్, ఫాస్ఫరస్ అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"అట్లనా? అయితే మా కరేపాకు చెట్టుకి వేస్తాను ఇయ్యి" అంది.

ఆ చెట్టు సంగతి చెప్పాలి. గేటు పక్కన, సగానికి కోసిన పెద్ద నీలం డ్రమ్ములో ఉండేది. నా కంటే ఎత్తు. కాంపౌండంతా సిమెంటు, మట్టి ఉన్నది ఆ డ్రమ్ములోనే. ఒకసారి ఆంటీయే చెప్పింది. "ఈడంతా మా మామ రాగిచేను అప్పా. చేను గట్టు మీద ఉండె దీని తల్లి చెట్టు. ఇల్లు కట్టేటప్పుడు కొట్టేస్తిమి. ఒక పిలక మిగిలితే డ్రమ్ములో పెట్టుకుంటిని." ఆ చేనులో ఆవిడకి మిగిలింది అదొక్కటే. వీధిలో ఎవరికి కావాలన్నా గేటు దగ్గర నిలబడి పిలవాలి. ఎవరినీ కోయనిచ్చేది కాదు, ఆవిడే వచ్చి, చెట్టుకి నొప్పి పుట్టకుండా రెండు రెమ్మలు తుంచి ఇచ్చేది.

దానికి వారం వారం పుల్లమజ్జిగ పోసేది. నేను అది కూడా మాన్పించాను. "మజ్జిగెందుకు ఆంటీ, వాసన. ఇక మీదట ఇది చాలు, అంతా సైన్స్" అన్నాను.

"నువ్వు చదువుకున్నోడివి, నీకు తెల్సు" అంది ఆంటీ. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

అలా ప్రతి ఆదివారం పొద్దున్న నేను గిన్నెలో పాచి ఇవ్వడం, ఆవిడ దాన్ని చేత్తో మట్టిలో కలపడం మొదలైంది. ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. ఆంటీ ఆ గిన్నెని శుభ్రంగా తోమి, ఒక వారం చిత్రాన్నం, ఒక వారం ఉప్మా, ఒక వారం కొబ్బరి చట్నీ పెట్టి పంపేది. సాయంత్రం నేను కిందకి దిగితే తప్పకుండా అడిగేది, "ఉప్పు సరిపోయిందా అప్పా?" అని.

సుధకి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. "పాచి పోసిన గిన్నెలో చిత్రాన్నం తినమంటావా?" అనేది. నేను తినేవాణ్ణి. కాకపోతే కరివేపాకు తినే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు. ఒక్కో ఆకూ ఏరి పళ్లెం అంచున వరసగా పెట్టేవాణ్ణి. ఆ చెట్టు ఆకులే.

నెల దాటాక ఆకుల కొసలు ఎండడం మొదలైంది. కాల్చినట్టు గోధుమరంగు.

"చెట్టుకి దిష్టి తగిలిండాది అప్పా. అందరి కండ్లూ దీని మీదే" అంది ఆంటీ. డ్రమ్ముకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

నేను నవ్వాను. ఫోన్లో ఆకు ఫోటో తీసి, పెద్దచేసి చూసి, "దిష్టి కాదు ఆంటీ, న్యూట్రియెంట్ డెఫిషియెన్సీ. డోసు పెంచాలి" అని తేల్చాను. పాచి ఎక్కువ పండాలని లైటు ఇంకో నాలుగు గంటలు పెంచాను. వారానికి రెండు గిన్నెలు ఇవ్వడం మొదలుపెట్టాను. చెట్టు కోలుకునేదాకా ఎవరూ అడగొద్దని ఆంటీ వీధిలో అందరికీ చెప్పేసింది. అంతా ఒప్పుకున్నారు, పైగా నన్ను చూసి "చెట్టుకి మందు పెడుతున్నారంట కదా సార్" అని మెచ్చుకున్నారు. నేను తల ఊపాను. కాస్త గర్వంగానే ఊపాను.

ఇంకో మూడు వారాలకి చెట్టు ఆకులు రాల్చేసింది. ఆదివారం పొద్దున్న ఆంటీ పిలిచింది. "కిశోరప్పా, ఒక తూరి రా. మట్టి మీద తెల్లగా ఏమో ఉండాది."

వెళ్లి వంగి చూశాను. మట్టి మీద సన్నటి తెల్లటి పొర. ఆ తెలుపు నాకు కొత్త కాదు. తుఫానుకి సముద్రం పొలాల్లోకి ఎక్కి దిగాక మట్టి మీద మిగిలే తెలుపు అది. అది పట్టిన చేలో రెండేళ్లు వరి లేవదని మా పెదనాన్న అంటుంటే విని పెరిగినవాణ్ణి. అయినా నమ్మబుద్ధి కాక వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను.

"ఏందప్పా, మట్టి నాకుతా ఉండావు?" అంది ఆంటీ.

ఉప్పు.

ఉప్పునీళ్లు మొక్కలకి పోయకూడదని ఒకటో క్లాసు పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఏనాడూ ఆ చెట్టుకి నా ట్యాంకు నీళ్లు పోయలేదు. పాచి వేశాను. ఆ పాచి స్పాంజిలా సముద్రాన్ని పీల్చుకుని ఉంటుందన్న సంగతి ఈ బుర్రకి తట్టలేదు.

"ఏముంది అప్పా అది?"

"కాల్షియం ఆంటీ" అన్నాను. అవును, అబద్ధమే చెప్పాను. నోట్లో ఉప్పు పెట్టుకుని మరీ చెప్పాను.

పైకి పరుగెత్తి ఆ వీడియో తెరిచి, ఈసారి మామూలు స్పీడులో చూశాను. పదకొండో నిమిషంలో ఆయన ఎంతో నిదానంగా, నాలాంటివాడికి చెప్తున్నట్టే చెప్తున్నాడు. ఉప్పునీళ్ల ట్యాంకు అయితే మాత్రం పాచిని మంచినీళ్లలో నాలుగైదు సార్లు కడిగి, పిండి, అప్పుడు వాడండి, లేకపోతే మొక్క చచ్చిపోతుంది. సుధ నా భుజం మీదుగా చూస్తోంది. చేయి చాపి ఆ ముక్కనే మళ్లీ వెనక్కి జరిపి పెట్టింది.

ఉప్పు పోవాలంటే మంచినీళ్లతో కడగడం ఒక్కటే దారి. ఆ వారం మా బోరు సరిగ్గా రావడం లేదు. వంటింట్లో ఉన్న రెండు ఇరవై లీటర్ల తాగేనీళ్ల క్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి భుజాన మోసుకుని కిందకి దించాను. ఆంటీ మధ్యాహ్నం కాసేపు పడుకుంటుంది, ఆలోగా పని కానిచ్చేద్దామని. మొదటి క్యాను ఒంపితే నీళ్లు కిందకి ఇంకకుండా అలాగే నిలబడ్డాయి. డ్రమ్ము అడుగున చిల్లు ఎప్పుడో మూసుకుపోయింది. అంటే నేను వేసిన ప్రతి చిటికెడు ఉప్పూ లోపలే ఉంది. నేల మీద పడుకుని స్క్రూడ్రైవర్‌తో ఆ చిల్లు పొడుస్తుండగా నా తల దగ్గర రెండు పాదాలు కనిపించాయి.

"తాగే నీళ్లు పోస్తా ఉండావేందప్పా చెట్టుకి?"

లేచి కూర్చుని మొత్తం చెప్పేశాను. పాచి గురించి, ఉప్పు గురించి, కాల్షియం అని అబద్ధమాడడం గురించి. చెప్తున్నంతసేపూ ఆవిడ చెట్టునే చూసింది. తిడుతుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. అన్నా బాగుండేది.

ఆవిడ గోరుతో కాండం మీద కొంచెం గీరింది. కింద పచ్చ లేదు. ఇంకాస్త కిందకి, మొదలు దగ్గర గీరింది. అక్కడా లేదు.

"నువ్వు ఇస్తివి సరే. ఈ చేత్తో వేసింది నేనే కదప్పా" అంది.

"మీ తప్పేం లేదు ఆంటీ, నాదే."

గోరు కొంగుకి తుడుచుకుని, "నీ చేపలు బాగుండాయా?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. బాగున్నాయని చెప్పాను. నిజం కూడా అదే. ఆ రోజు నా ట్యాంకు ఎన్నడూ లేనంత తేటగా ఉంది, రాళ్లు తళతళా, రొయ్య మీసాలు కూడా లెక్కపెట్టచ్చు. నాకు మాత్రం దాని వైపు చూడాలనిపించలేదు.

తర్వాత వారం మడివాళ మార్కెట్టు వైపు వెళ్లి ఒక నర్సరీలో కరివేపాకు మొక్క కొన్నాను. జానెడు ఉంది. డ్రమ్ములో మట్టంతా తీసేసి, అడుగు చిల్లు తెరిచి, కొత్త ఎర్రమట్టి నింపి, ఆంటీ చేతికిచ్చాను. ఆవిడే నాటింది. ఎండిన పాత మోడుని మాత్రం పారేయలేదు, గోడకి ఆనించి ఉంచింది. కొత్తదానికి మళ్లీ పుల్లమజ్జిగే. దాని దగ్గరకి నేను వెళ్తే చాలు, "కిశోరప్పా, దూరంగా ఉండు" అంటుంది లోపల్నుంచే. దానికి ఇప్పటికి ఎనిమిది రెమ్మలు. వీధిలో ఒక్కరూ అడగడం లేదు.

పాచి ఇప్పుడు చెత్తబుట్టలోకి పోతోంది. ఆ గిన్నె మాత్రం ఆ రోజు నుంచీ ఆంటీ ఇంట్లోనే ఉండిపోయింది. వెళ్లి అడిగే ముఖం నాకు లేదు, సుధ కూడా అడగలేదు.

నిన్న ఆదివారం ఆ గిన్నె దానంతట అదే పైకి వచ్చింది. ఆంటీ మెట్ల మీద సుధకి అందించి, "ఖాళీ గిన్నె ఇయ్యకూడదు కదమ్మా" అని వెళ్లిపోయిందట. మూత తీశాను. చిత్రాన్నం. పసుపుపచ్చగా, వేరుశనగలు, పచ్చిమిరపకాయలు, ఆవాలు. పళ్లెంలో పెట్టుకుని అలవాటుగా ఏరడానికి చేయి పెట్టాను. ఏరడానికి ఒక్క ఆకు లేదు. అంచు ఖాళీగానే ఉంది. జన్మలో మొదటిసారి పళ్లెంలో ఉన్నదంతా ఊడ్చి తిన్నాను.

సాయంత్రం పాలకని కిందకి దిగాను. తల వంచుకుని గేటు దాటేస్తుంటే కిటికీలోంచి ఆంటీ గొంతు వినిపించింది, ఎప్పటిలాగే.

"ఉప్పు సరిపోయిందా అప్పా?"