చేపల బండికి పూచీ

మొన్న మనవడు కావలిలో పాత కారు కొంటూ నన్నూ వెంట తీసుకుపోయాడు. చల్లటి గదిలో మెత్తటి కుర్చీ చూపించి, వారంటీ కాగితం నా చేతిలో పెట్టి, అమ్మే కుర్రాడితో నవ్వుతూ, "మా నాయనమ్మతో జాగ్రత్త బ్రదర్, ఆ కాలంలోనే నెల్లూరులో కార్ల వ్యాపారి మెడలు వంచి గేరుబాక్సు మార్పించుకొచ్చిన మనిషి" అన్నాడు. ఆ కుర్రాడు లేచి నాకు దండం పెట్టాడు. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలు గనుక ఏ కాగితాన్నైనా నేను వేలు పెట్టి నిదానంగా చదువుతాను. ఆ రోజు మాత్రం వేలు మొదటి వరుస దగ్గరే నిలిచిపోయింది. మా ఇంట్లో ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న ఆ కథలోని మనిషి నేను కాదు.

మాది వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తా నేనూ చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని బస్సు కోసం నిలబడేవాళ్లం. ఆ రోజులు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, కండక్టరు దయ తలిస్తే బుట్ట బస్సు పైకెక్కేది, లేకుంటే ఐసు కరిగి నీళ్లయ్యేదాకా రోడ్డు మీదే. ఎక్కినా, పక్కవాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటుంటే నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. అత్తకు అదేమీ పట్టేది కాదు. నేను మాత్రం పట్నం పోవాలంటే సున్నిపిండితో చేతులు రుద్దుకుని, తలనిండా పూలు పెట్టుకుని గాని కదిలేదాన్ని కాదు.

ఆ బస్సుల బాధ పడలేక అత్త పడవలో తనకున్న వాటా అమ్మేసి, నెల్లూరులో పాత బండ్ల వ్యాపారి దగ్గర ఒక తెల్ల కారు కొనిపించింది. ఇంజనుకూ గేర్లకూ మూడు నెలలు నాదే పూచీ అని ఆయన నలుగురిలో చెప్పాడు. వెనక సీటు పీకేసి ఐసు తొట్టి పెట్టుకున్నాం, మా ఆయనే నడిపేవాడు. నెల తిరగకముందే చిట్టమూరు దాటాక గేర్లు పట్టేసి, తొట్టినిండా నెత్తళ్లనే చిన్న చేపలతో బండి ఎండలో నిలిచిపోయింది. ట్రాక్టరుకు కట్టి లాగించుకుపోయి వ్యాపారి ముందు పెడితే, చేపలు మోసిన బండికి పూచీ లేదు పొమ్మన్నాడు. మా ఆయన మాట పెగలని మనిషి, పోయిన ప్రతిసారీ తల వంచుకుని తిరిగి వచ్చాడు. పడవలో వాటా ఎటూ పోయింది, బండి కూడా పోతే మాకు మిగిలేది మళ్లీ ఆ బస్సు రోడ్డే.

అప్పుడు అత్త, ఆ రోజు బండిలో చెడిపోబోతుంటే ఉప్పు పెట్టి ఎండబెట్టుకున్న నెత్తళ్లనే ఒక బుట్టకెత్తింది. పట్నం మాట నాకు బాగా వచ్చునని, నువ్వే మాట్లాడాలి అంటూ నన్ను తోడు రమ్మంది. తీరా అంగడి ముందు, గుమస్తాలు మా బుట్టను చూసి జేబురుమాళ్లు తీయగానే, ఇప్పుడే వస్తానని గొణిగి పక్కనున్న టీ అంగడి దాకా జరిగిపోయాను. అత్త కాసేపు నా కోసం చూసి, ఆ మెట్ల మీదే బుట్ట దించి, గోనెపట్టా పరిచి నెత్తళ్లు కుప్ప పోసింది. కార్లు చూడవచ్చినవాళ్లు గడప దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంటే వ్యాపారి బయటికొచ్చి కేకలేశాడు, చేపల కంపు పట్టించి బండి చెడగొట్టింది చాలక నా మీదికే వస్తావా అని.

"ఏందయ్యా, చేప ఎనక తొట్లో ఉండాది, గేరు ముందర ఉండాది. చచ్చిన నెత్తళ్లు ఈదుకుంటా పోయి నీ గేరు కొరికినాయా?"

మూగిన జనం గొల్లున నవ్వారు. నవ్వుతూనే ముక్కులు మూసుకున్నారు. వాళ్ల మధ్యకు వచ్చి నిలబడిన నేనూ పమిటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, ఆమె తాలూకు మనిషినని ఎవరూ అనుకోకూడదని. సరిగ్గా అప్పుడే అత్త తలెత్తి చూసింది.

ఎండ నడినెత్తికి రాకముందే వ్యాపారి దిగివచ్చాడు. గేరుబాక్సు మార్పించి పంపుతాను, ముందు ఆ బుట్ట ఎత్తు తల్లీ అన్నాడు. అత్త నెత్తళ్లన్నీ తిరిగి బుట్టలో నింపింది. నిండు బుట్ట నెత్తికెక్కాలంటే ఇంకొకరి చెయ్యి పడాలి గదా, తోడెవరూ రాలేదా అని వ్యాపారి అడిగాడు.

"ఎవురూ రాలేదయ్యా, ఒంటిదాన్నే వచ్చినా" అంది అత్త, నా వైపు చూడకుండా.

చివరికి ఆ వ్యాపారే ఊపిరి బిగబట్టి ఒక చెయ్యి వేశాడు.

తిరుగు బస్సులో అత్త నా పక్కనే కూర్చుంది గాని ఆ ఊసెత్తలేదు. ఇంటికి చేరాక మాత్రం మా ఆయనతో, "నీ పెండ్లానికి నోరుండబట్టి బండి దక్కిందిరా" అంది. ఊరంతా అదే నమ్మింది. కాదని చెప్పడానికి అత్త బతికున్నంతకాలం నాకు నోరు రాలేదు, ఆ తర్వాత ఆ కథ మనవళ్ల దాకా వచ్చేసింది.

ఇప్పుడు పూచీ అంతా అచ్చులో ఉంది. మాట తప్పితే వినియోగదారుల కోర్టు ఉందని మనవడు చెప్పాడు. ఏ ముసలమ్మా మెట్ల మీద కూర్చోనక్కర్లేదు, మంచిదే. సెంటు కొట్టిన ఆ కారులో ఊరు దగ్గరపడుతుంటే రోడ్డు పక్క ఎండుచేపల వాసన తగిలింది. మనవడు మీట నొక్కి అద్దం ఎత్తబోయాడు. వద్దని, ఆ రోజు మాట్లాడింది ఎవరో, ముక్కు మూసుకున్నది ఎవరో వాడికి చెప్పాను. వాడు అద్దం దించే ఉంచాడు. వాసన ఇదివరకంత ఘాటుగా లేదు, చేపలు ఎండబెట్టే ఇళ్లే తగ్గిపోయాయి. నెత్తికెత్తడానికి ఒక చెయ్యి వెయ్యమ్మా అని అడిగేవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ లేరు.