ఆరో మైలు నారింజ

క్లెమ్ పాస్కో జీవితంలో ఒక్కసారే నిజం చెప్పాడు. దాన్నీ ఎవరూ నమ్మలేదు.

టాస్మేనియాలో, కెల్‌బర్న్ సామిల్లుకు అడవిలోంచి పట్టాల మీద దుంగలు తెచ్చే ట్రాలీ నడిపేవాడతను. పందిపిల్లంత ఉండే వాంబట్ అనే అడవి జంతువొకటి తన టోపీ పెట్టుకుని మిల్లుకొస్తే, మేస్త్రీ గుర్తుపట్టక సాయంత్రం దాకా దానిచేత పని చేయించాడని బార్లో చెప్పేవాడు. అలాంటి మనిషి 1958 డిసెంబరులో ఒకరోజు, మన లోయలో మర్టిల్ నారింజ కాసిందన్నాడు. మర్టిల్ చెట్ల బుడిపెల మీద బంగారు బంతుల్లా పుట్టే ఆ పుట్టగొడుగు పడమటి తడి అడవులది, ఇటువైపు ఉండదని అందరికీ తెలుసు.

"నీ వాంబట్ నాటిందేమో కనుక్కో క్లెమ్!" అని బారంతా ఒకటే నవ్వు.

పౌరుషం వచ్చి క్లెమ్ ఒకదాన్ని కోసి, ఎండబెట్టి, పొగాకు డబ్బాలో పెట్టి, ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే హెర్బేరియానికి పంపాడు. జవాబు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి పోయాడు.

మిల్లు క్యాంటీన్లో ముప్పై ఏళ్లు వంటచేసిన అతని కూతురు వినీ ఇప్పుడు ఆ హెర్బేరియంలోనే జీతం లేకుండా పాత చీటీలు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. నాన్న డబ్బా కోసమే చేరిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. డబ్బా దొరికింది కూడా. 'కెల్‌బర్న్ నుంచి ఆరో మైలు' అని నాన్న రాత.

"ఇది కొట్టేస్తున్నానండీ వినీ" అన్నాడు, మర్టిల్ నారింజ ఎక్కడెక్కడ దొరికిందో చుక్కలు పెట్టి పటం గీసే కుర్ర శాస్త్రజ్ఞుడు నెవిల్. "శుక్రవారం పటం అచ్చుకెళుతుంది. మిగతా చుక్కలన్నీ పడమట ఉంటే ఇదొక్కటే తూర్పున గొర్రెల బీట్లో పడింది. పోస్టాఫీసు నుంచి రోడ్డు మీద ఆరు మైళ్లు కొలిచి చూశాను. అక్కడ మర్టిల్ చెట్టు ఏనాడూ లేదు. ఎవరో కోతలరాయుడు పంపుంటాడు."

"కోతలరాయుడే. మా నాన్న."

నెవిల్ నాలుక్కరుచుకున్నాడు. చుక్క మాత్రం ఉంచుతాననలేదు.

వినీ నెవిల్ కాచిచ్చిన టీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాన్న ఈ ఒక్కటీ కూడా అబద్ధమే ఆడాడా? అంత కష్టపడి ఎండబెట్టి మరీనా?

"టీ చల్లారిపోయిందండీ."

"నాలుగో మైల్లో ఉన్నాలే నాయనా."

"అంటే?"

"పరధ్యానంలో ఉన్నానని. మిల్లోళ్ల మాట. నాలుగో మైలు దగ్గర ట్రాలీ దానంతటదే దిగుతుంది కదా, తోలేవాడు కలలు కంటూ..." వినీ కప్పు ఠక్కున కింద పెట్టింది. "ఒరే నెవిలూ! ఎక్కణ్ణించి కొలిచావన్నావ్?"

"పోస్టాఫీసు నుంచి."

"ఈ డబ్బా పంపడానికి తప్ప మా నాన్న జన్మలో పోస్టాఫీసు గడప తొక్కాడా, అక్కణ్ణించి కొలవడానికి? మిల్లోళ్లకి మైలంటే ట్రాలీ పట్టాల మీదే. రంపం దగ్గర సున్నా. పట్టాలు పోయేది పడమటికి!"

గురువారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఇనుప పట్టాలు ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు గానీ, వాటి కింద పరిచిన నాచుపట్టిన చెక్క దిమ్మెలు మాత్రం పళ్లూడిన దవడలా మిగిలున్నాయి. మోకాళ్లు తిట్టుకుంటూ వినీ ముందు నడిచింది. ఆరో మైలు దగ్గర లోయలోకి దిగితే ఏడే ఏడు మర్టిల్ చెట్లు. వాటి మానుల నిండా గుమ్మడికాయలంత బుడిపెలు. బుడిపెల మీద తేనెపట్టులా గుంటలు పడ్డ నారింజ బంతులు.

 వినీ ఒకటి కోసి కొరికింది.

"ఎలా ఉంది?"

"చప్పగా, నీ టీలా."

నెవిల్ అక్కడే కూర్చుని, ల్యాప్‌టాప్‌లో పటం తెరిచి చుక్కను జరిపాడు. జరిగినా అది మిగతా చుక్కల గుంపులో కలవలేదు. వాటన్నిటికీ తూర్పుగా, ఆ పుట్టగొడుగుకి కొత్త పొలిమేరలా నిలబడింది. పక్కన 'క్లెమ్ పాస్కో, 1958' అని కొట్టి, కాసేపు తటపటాయించి అడిగాడు.

"ఏడో మైల్లో ఏముందనేవాడండీ మీ నాన్న?"

"ఈల వేసే ఎండ్రకాయ."

నెవిల్ బూట్ల తాళ్లు బిగించుకున్నాడు.