మూసీ ఇసుకల మా కర్బూజలు... మార్కెట్ కమాను కింద నీడ

మా చిన్నప్పుడు... ఎండకాలం పొద్దుగాల మూసీ ఇసుకల కాలు పెడితే జివ్వుమని చల్లగ తగిలేది. ఔ, మూసీలనే. ఇప్పుడు బ్రిడ్జి మీదికెళ్లి పోతుంటే అందరు ముక్కు మూసుకుంటరు సూడుండ్రి, గా మూసీలనే మా నాయన కర్బూజలు పండించేటోడు.

నవ్వకుండ్రి... కండ్లార చూసినోన్ని చెప్తున్న.

మేము నాంపల్లిల ఒక్క అర్ర ఇంట్ల కిరాయికి ఉండేటోళ్లం. చలి తగ్గంగనే నది సన్నటి పాయ లెక్క అయ్యేది. నాయన పురానాపూల్ అవతల ఇసుకల గుంతలు తీసి, పెంట పోసి, గింజలు పెట్టేటోడు. పక్కనే చెలిమె తోడితే అద్దమసొంటి నీళ్లు ఊరేటియి. గవే కుండలతోని మొక్కలకు పోసేది... గవే మేము తాగేది.

కర్బూజ పండిందో లేదో ఎట్ల తెలుస్తదంటే... పండితే అదే తీగెను ఇడుస్తది. చెయ్యి తాకంగనే ఊడొస్తది, ఊడిన కాడ గుండ్రంగ సాఫ్‌గ ఉంటది. పచ్చిదాన్ని గుంజితే తొడిమె ముక్క కాయకే ఉంటది. గిది మా ఇంట్ల చిన్న పిల్లలకు గూడ ఎరుకే.

పండ్లన్నీ మొజంజాహి మార్కెట్‌కు పోయేటియి. అబిడ్స్‌కు, నాంపల్లికి నడుమల... ఇప్పుడు మీరంత ఐస్‌క్రీమ్ తినేతందుకు పోతరు గద, అదే. అప్పుడది పండ్ల బజారు. మా అమ్మసొంటి గంపలోళ్లు బయట ఎండకే కూసునేటోళ్లు. ఒక్క కమాను కింద మాత్రం పొద్దంత నీడ ఉండేది.

ఆ నీడ ఎవరిదన్నదానికి ఒక కాయిదా ఉండె. ఆ ఏడు మొట్టమొదటి మూసీ కర్బూజ ఎవరు తెస్తరో, వాళ్ల కాయను అందరి ముంగట కోస్తరు. గంపలోళ్లకు పెద్దమనిషి హుసేన్ చాచా. ఆయన ఒక ముక్క తిని తల ఊపిండంటే ఎండకాలమంత ఆ జాగ వాళ్లదే. రాతకోతలు లేవు... మాట మీద నడిచేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు మా చెల్లె ఆరు నెలల పిల్ల. అమ్మ ఒళ్లె ఎండకు మాడి దాని ఒళ్లంత చెమటకాయలు. ఈ ఏడు నీడ దొరుకకుంటే పిల్లను యాడ పండవెట్టాల్నని అమ్మ రోజు అనేది... నా చెవులల్ల గదే మోగేది.

ఒకరోజు నాయనకు జరమొచ్చి నన్ను తోలిండు. తాకితే ఊడినయే తెమ్మన్నడు. పోయి ఒక్కొక్కటి తాకిన... ఒక్కటి ఊడలే. పక్కన పోచమ్మ అత్త గుంతలల్ల సూస్తే కాయలు పసుపెక్కుతున్నయి. చుట్టం కాదు, ఊకె అత్త అనేటోళ్లం. ఇగ ఆమెనే ముందు తెస్తదనుకున్న. పదకొండు కాయలు మెలితిప్పి గుంజిన. తొడిమెలు కిందికి పెట్టి, పైన గడ్డి కప్పి ఇంటికి తెచ్చిన. అమ్మ చెల్లెను చంకకెత్తుకొని, గంపను నెత్తికెత్తుకుంది... నన్ను నమ్మి, ఇప్పి చూడలే.

మార్కెట్ల అందరు గుమిగూడిన్రు. పోచమ్మ అత్త ఊకుంటదా... మీ గుంతల మీద సూర్యుడు వేరే పొడుస్తున్నడా ఏందని అమ్మను ఆడుకుంది. చాచా ఒక కాయ తీసి ముక్కు కాడ పెట్టుకుండు. తిప్పిండు. తొడిమె కనవడ్డది. నా దిక్కు చూసిండు. కత్తి తీసిండు.

అమ్మ గూడ తొడిమె చూసింది. కత్తికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కోయకుండ్రి చాచా. పచ్చియి. మావోడు తొందరపడి గుంజిండు."

గంతే... నీడ పోయింది. అమ్మ ఎండల కూసొని, వచ్చినోళ్లందరికి ఇవి తినేటియి కావు, పప్పుల ఏసుకుంటే మంచిగుంటయని చెప్పి చెప్పి అమ్మింది. నన్ను కొట్టలే. పిల్ల మీద నీ నీడ పడేటట్టు నిలవడు అన్నది. పొద్దు జరిగినట్టల్ల నేను జరుగుకుంట నిలవడ్డ. ఇంత పోరన్ని... నా నీడ ఎంత? మొకం కప్పితే కాళ్లు బయట, కాళ్లు కప్పితే మొకం బయట.

నాలుగో రోజు పోచమ్మ అత్త కాయ కోసిన్రు. లోపలంత కాషాయం రంగు... వాసన బజారంత కొట్టింది. చాచా తల ఊపిండు. అత్త కమాను కింద కాళ్లు చాపుకొని దొరసాని లెక్క కూసుంది. మేము తలకాయ ఎత్తలే.

పగటీలి ఎండ నెత్తి మీదికి రాంగనే అత్తనే అమ్మను పిలిచింది.

"ఏమే, పిల్లను గిటు తే. నిన్ను రమ్మంట లేను, పిల్లనే తెమ్మంటున్న. నువ్వు ఆడనే కూసో."

ఆ ఎండకాలమంత మా చెల్లె పోచమ్మ అత్త ఒళ్లెనే పండుకుంది. అమ్మ ఐదడుగుల అవతల ఎండల కూసొని, పిల్ల దిక్కు చూసుకుంట గిరాకి చూసుకునేది. ఇద్దరు తిట్టుకునుడు మాత్రం బందు కాలే!

ఇదంత ఇప్పుడెందుకు రాస్తున్ననంటే... మా బిడ్డ ఆదివారం ఆదివారం మనుషులను తీసుకపోయి ఈ ఊరు నడిపించి చూపెడ్తది. మొన్న నన్ను గూడ తీసుకపోయి గా కమాను కిందనే నిలవెట్టింది. పుస్తకాలల్ల లేంది మా డాడీ చెప్తడు వినుండ్రి అన్నది. ఐదో తరగతి సదివినోన్ని... ఇరవై మంది నోట్సు రాసుకుంట విన్నరు! నా సంతోషం ఏమని చెప్పాలె, అన్నం గూడ సహించలే ఆ రోజు. ఒక పిల్ల, అంకుల్ మరి వాసన రాకపోయేదా అని అడిగింది. వచ్చేది బిడ్డా, కర్బూజ వాసన అన్న.

పండ్ల బజారు ఊరవతలికి పోయి ఎన్నేండ్లో అయింది. గుంతలున్న జాగ యాడనో నాకే దొరుకుత లేదు. అమ్మ లేదు, చాచా లేడు... పోచమ్మ అత్తకు మేము ఒక్క మంచి మాట చెప్పినట్టు గూడ యాదికి లేదు. అప్పుడు గట్ల చెప్పుకునుడు ఎరుక లేకుండె.

మీ ఇండ్లల్ల మూసీల పండించినోళ్లు, ఈదినోళ్లు, బట్టలు ఉతికినోళ్లు ఉంటే కింద రాయుండ్రి... అన్నీ సదువుత. పోచమ్మ అత్త వాళ్లోళ్లు ఎవరన్న ఉంటే మాత్రం ముందుగాల మీరు రాయుండ్రి. మా చెల్లె మిమ్ములను చూస్తనంటుంది.