మెర్వ్ కొన్న తెల్లరంగు

మా బర్నీ ఊళ్లో ఎవరైనా ఇంటి లోపలి గోడలన్నిటికీ తెల్లరంగు వేస్తున్నారంటే ఒకటే అర్థం, ఇల్లు అమ్మేస్తున్నారని. కొనడానికి వచ్చేవాళ్లకు గోడల మీద రంగులుంటే తమ సోఫా అక్కడ ఎలా ఉంటుందో ఊహకందదట! అందుకే తెల్లరంగు డబ్బాలు ఇంట్లోకి వెళ్లిన కొద్ది రోజులకే వాకిట్లో ‘అమ్మబడును’ బోర్డు లేస్తుంది. రంగుల దుకాణం కౌంటర్‌లో ఏళ్ల తరబడి రంగులు కలుపుతున్నదాన్ని, ఎవరి కొంప ఖాళీ అవబోతోందో ఇళ్ల ఏజెంట్ల కన్నా ముందు నాకే తెలుస్తుంది.

అలాంటిది ఓ రోజు మెర్వ్ వచ్చి, “గ్లెనిస్, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా తెల్లటి తెలుపు ఇయ్యి. హాలుకీ, వంటింటికీ, అన్ని గదులకీ,” అనేసరికి, కలుపుతున్న డబ్బా పక్కన పెట్టేశాను.

మెర్వ్ మా పక్కింటి నోలీన్ మొగుడు. దుంగల లారీ నడిపి రిటైరయ్యాడు. రంగుల కోసం మా దుకాణం గడప తొక్కిన మనిషి కాదు. ఆ ఇంట్లో రంగుల సంగతంతా నోలీన్‌దే.

“నోలీన్‌కి తెలుసా?” అన్నాను.

“నేనే చెప్తాలే. నువ్వు మాత్రం నోరు మూసుకో, తల్లీ,” అన్నాడు. ఆ అనడం కూడా నా కళ్లలోకి చూసి అనలేదు. నా చెవి పక్కన ఎక్కడో చూస్తూ అన్నాడు. దొంగచూపులు కాకపోతే ఏమిటివి, అనుకున్నాను.

నోలీన్ సంగతి తెలిస్తే నా కంగారు మీకు అర్థమవుతుంది. ఆవిడ తండ్రి కాగితం మిల్లు కార్మికుడు. పెళ్లయ్యేదాకా ఆవిడ బతుకంతా అద్దె ఇళ్లలోనే గడిచింది. ఏ ఇంటికి వెళ్లినా అదే మాసిన మీగడ రంగు. మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. చిన్నప్పుడు ఎర్ర చాక్‌పీసుతో గోడ మీద పువ్వు గీస్తే, యజమాని చూస్తాడని తల్లి ఏడుస్తూ తోమి తోమి చెరిపిందట. పెద్దయ్యాక బంగాళాదుంపల ఫ్యాక్టరీలో తెల్ల కోటు, తెల్ల టోపీ. సొంతిల్లు కొన్న వారమే హాలంతా అడవిలాంటి ముదురు ఆకుపచ్చ కొట్టించింది. పడకగదికి రేగుపండు రంగు, వంటింటికి ఇటుకరంగు. ఎవరైనా మొహం చిట్లిస్తే, “నీ ఇంట్లో నువ్వు మీగడ తాగు,” అనేది.

ఆవిడ రంగు ఎంచుకునే తీరు కూడా వేరు. ముందు చిన్న డబ్బా కొని గోడ మీద అరచేయంత మేర పూస్తుంది. దాన్ని పొద్దుటి ఎండలో చూస్తుంది, వాన మబ్బులో చూస్తుంది, దీపం కింద చూస్తుంది. “గోడతో కొన్నాళ్లు కాపురం చేస్తేగానీ రంగు బుద్ధి బయటపడదు, గ్లెనిస్,” అంటుంది. చివర్లో మెర్వ్‌ను పిలిచి “బాగుందా?” అని అడుగుతుంది. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే “బాగుంది, నోల్,” అంటాడు. అంతే.

ఇక నా నోట్లో నువ్వుగింజ నానదని మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఆ సాయంత్రమే కంచె మీద నుంచి చెప్పేశాను.

నోలీన్ మొహం పాలిపోయింది. “అదా సంగతి! కారు పాడైందని ఇంట్లోనే పెట్టాడు. ఏం పాడైందని అడిగితే చెప్పడు. క్వీన్స్‌లాండ్‌లో వాళ్లక్కతో షెడ్‌లోకి పోయి ఫోన్లో గుసగుసలు. నన్ను ఆ ఎండలకి లాక్కుపోయి అగ్గిపెట్టెలాంటి ఫ్లాట్‌లో పడేస్తాడే! మళ్లీ మీగడ రంగు గోడలు!”

“మొన్న మెర్వ్ నుదుటి మీద ఆ బొప్పి ఏమిటి?”

“క్లబ్బులో తాగి గుమ్మానికి కొట్టుకున్నాడు. ఇంకేముంది?”

మర్నాడు ఆవిడ బజారు నుంచి వచ్చేసరికి సగం హాలు తెల్లబడి ఉంది. ద్వారబంధాలతో సహా. అదీ ఎలా? మధ్యమధ్య ఆకుపచ్చ చారలు వదిలేసి, అట్టు మాడినట్టు మచ్చలు మచ్చలుగా. లారీ అద్దాన్ని రోజూ తళతళలాడేలా తుడిచిన మనిషి పనా అది? కొనేవాడు గుమ్మంలో ఉన్నాడు కాబట్టే ఆ కంగారని ఇద్దరం తేల్చేశాం. “గోడలు మరీ చీకటిగా ఉన్నాయి, నోల్,” అని మాత్రం అన్నాడట. ఇన్నేళ్లూ లేని చీకటి ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది?

ఆదివారం మెర్వ్ క్లబ్బుకు వెళ్లాడు. నోలీన్ కారాలు మిరియాలు నూరుతూ నాతో వంకాయ రంగు కలిపించింది. “తెల్లగోడలు కావాలా? ఉండనీ. ద్వారబంధాలు మాత్రం నావి. ఆ గుమ్మాలు చూసి ఎవడు కొంటాడో నేనూ చూస్తా,” అంది. నేనూ ఓ బ్రష్షు పట్టుకున్నాను. అబద్ధమెందుకు, భలే సరదాగా ఉండింది. చీకటి పడేలోగా ఆ ఇంట్లో ప్రతి గుమ్మానికీ ముదురు వంకాయ రంగు పూసేశాం.

వీధి తలుపు చప్పుడైంది. నోలీన్ బ్రష్షు చేత్తోనే వంటింట్లో నడుం మీద చెయ్యేసి నిలబడింది. నేను ఆవిడ వెనక.

మెర్వ్ హాల్లోకి వచ్చి అలవాటుగా భుజం గోడకు ఆనించి, చేత్తో తడిమాడు. ఆగాడు. తల ఒక పక్కకు తిప్పి చూశాడు. తర్వాత చెయ్యి దించేసి, దేన్నీ ముట్టుకోకుండా, తిన్నగా మా దగ్గరికి నడిచి వచ్చాడు.

“తలుపు కనిపించింది,” అన్నాడు. “నోల్, నాకు తలుపు కనిపించింది.”

“కనిపించకేం, వంకాయ రంగేశాగా! నీ ఇల్లు అమ్ముడుపోకుండా.”

“ఇల్లా? ఎవరమ్ముతున్నారు?”

అప్పుడు చెప్పాడు. కంటి మధ్యలో చూపు పోతోందట. ఎదుటి మొహం చూడాలంటే పక్కకు చూడాలట. మళ్లీ బాగయ్యేది కాదట. కారు పాడవలేదు, తనే నడపలేకపోతున్నాడు. వాళ్లక్కకూ అదే జబ్బు, ఫోన్లో మాట్లాడేదంతా దాని గురించే. ఆకుపచ్చ హాల్లో దారి తెలియక గుద్దుకుంటున్నాడు. “తెల్లగా చేస్తే వెలుగొస్తుందనుకున్నా. తీరా వేశాక గోడేదో గుమ్మమేదో ఒకటైపోయింది.”

“మరి చెప్పి చావచ్చుగా, ముసలోడా!” నోలీన్ అరిచింది.

“ఏమని చెప్పను? నీ రంగులు నాకు కనపడట్లేదని చెప్పమంటావా?”

నోలీన్ నిచ్చెన మెట్టు మీద కూలబడి, రంగు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. చెవి వైపు చూసిన ఆ చూపులకు దొంగచూపులని పేరు పెట్టింది నేనే కదా. బ్రష్షులు కడుగుతానని పెరట్లోకి వెళ్లిపోయాను.

తర్వాతి వారం ఇద్దరూ కలిసి దుకాణానికి వచ్చి చిన్న డబ్బాలు పట్టుకెళ్లారు. సాయంత్రం నేను వెళ్లేసరికి వంటింటి స్విచ్చు చుట్టూ నోలీన్ అరచేయంత పసుపు పూసింది. ఆ గోడ ముందు మెర్వ్‌ను నిలబెట్టింది.

“బాగుందా?” అనబోయి ఆగింది. “కనిపిస్తోందా?” అంది.

మెర్వ్ తల పక్కకు తిప్పి చాలాసేపు చూశాడు.

“ఇంకాస్త ముదురు వెయ్యి, నోల్,” అన్నాడు.