మా పికప్పులో గలగల

మా పాత పికప్పుకి రోగం వచ్చిందని ముందు కనిపెట్టింది నేను. కడియం దగ్గర మాకున్న చిన్న నర్సరీలో మొక్కలు పెంచడం నా వంతు, వాటిని ఆ బండిలో ఊళ్ళకు చేరవేయడం మా ఆయన వంతు. బండి ఆగితే మా పొయ్యి ఆగినట్టే. అలాంటిది, పొద్దున్నే ఆయన తాళం తిప్పగానే ఇంజను ముందు భాగంలో గలగలమని ఒకటే మోత, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. కాస్త వేడెక్కాక తగ్గేది. తర్వాత తర్వాత తగ్గడం కూడా మానేసింది.

"ఏమండీ, ఇంజన్లో ఏదో గలగలమంటోంది. ఒకసారి చూపించరాదూ?" అంటే, "ఏం లేదు, నీకన్నీ అనుమానాలే" అనేవారు. గట్టిగా అడిగితే, "ఇన్నేళ్ళబట్టీ తోలుతున్నాను, నాకు తెలీదా ఏంటి?" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పక్కింటివాళ్ళు కూడా లేచి కూర్చునే మోత అది, ఈ మనిషికి మాత్రం ఏమీ లేదట! పిలిస్తే పలకరు. అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి. అదంతా మొండితనమే అనుకున్నాను. పెళ్ళాం పిలవగానే పలికే మొగుడు మా వీధిలో ఎవరికున్నాడు గనక?

ఒకరోజు క్రోటన్ మొక్కల లోడుతో మండపేట వెళుతుంటే నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆ మోతకి నా తల పగిలిపోయింది. "ఇవాళ మెకానిక్కుకి చూపిస్తారా, నన్నిక్కడే కాలవగట్టు మీద దిగిపోమంటారా?" అని ఆయన భుజం పట్టి కుదిపాను. నా ముఖం చూసి ఏమనుకున్నారో, సరేనన్నారు. మొక్కలు దించేశాక, రైసు మిల్లుల వెనక లారీలు బాగుచేసే షెడ్డుకి వెళ్ళాం.

మెకానిక్కు పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, ఇంజను నడుస్తుండగానే మొన దానిమీద పెట్టి, పిడి చెవి దగ్గర ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. మా వైపు మెకానిక్కులకి అదే స్టెతస్కోపు.

"ఆయ్, టైమింగ్ చెయిన్ వదులైపోయిందండి. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు అరిగిపోయినట్టుంది. ఇలాగే తోలితే చెయిన్ జారి ఇంజను మొత్తం పోద్దండి" అన్నాడు.

"నాకేం వినపడలేదే" అన్నారు మా ఆయన, కొంచెం పౌరుషంగా.

"మీరే ఆనించి చూడండి బాబూ" అని స్క్రూడ్రైవరు చేతికిచ్చాడు.

ఆయన వంగి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించుకున్నారు. ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. మళ్ళీ ఆనించారు, తీశారు, మళ్ళీ ఆనించారు. ముఖంలో రంగు మారిపోయింది. "విప్పెయ్యి" అని మాత్రం అన్నారు. హమ్మయ్య, నా మాట నెగ్గిందని నేను సంబరపడ్డాను. బండి అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చాం.

రాజమండ్రి నుంచి సామాను తెప్పించి మర్నాడు మెకానిక్కు పని మొదలుపెట్టాడు. మేమూ వెళ్ళాం. రేడియేటరు దించి, ముందు కవరు విప్పితే చెయిన్ తడి బట్టలు ఆరేసిన తాడులా వేలాడుతోంది. పాత టెన్షనరు నున్నగా అరిగిపోయి ఉంది. కొత్తది బిగించి, చెయిన్ తిరిగే పళ్ళ చక్రాల మీద గుర్తులు ఒకదానికొకటి కలిశాయో లేదో చూశాడు. ఒక్క పన్ను తప్పినా మొదటికే మోసమట. ఇంజన్ని స్పానరుతో చేత్తోనే తిప్పి మళ్ళీ చూశాడు. మామూలుగా అయితే మా ఆయన ప్రతిదానికీ సలహా ఇస్తారు. ఆ రోజు టైరు మీద కూర్చుని కిమ్మనలేదు.

"చూశారా, నా అనుమానాలు ఎంత నిజమయ్యాయో!" అని దెప్పాను. "ఊ" అన్నారు.

మధ్యాహ్నానికి అంతా బిగించి తాళం తిప్పాడు. కాసేపు పాత మోతే వచ్చింది, కొత్త టెన్షనర్లోకి ఆయిలు ఎక్కగానే ఆగిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "మోత పోయిందండీ!" అని అరిచాను.

ఆయన స్క్రూడ్రైవరు ఆనించుకుని విన్నారు. తీసేసి విన్నారు. తర్వాత నా వైపు చూశారు.

"ఈ స్క్రూడ్రైవరు తీసేస్తే నిన్నటికీ ఇవాళ్టికీ నాకు తేడా తెలియట్లేదే" అన్నారు. "మొన్న గట్టు మీద వెనకాల స్కూలు ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడట. పక్కకొచ్చి తిట్టేదాకా తెలీలేదు. చెప్తే నువ్వు బండి తోలనివ్వవని చెప్పలేదు."

ఆ ఆటో నిండా పిల్లలుంటారు. బండి ఆగకూడదని ఇంత గోల చేశానే, ఆ బండి తోలే మనిషికే ఇలా అయితే ఏం చేసేది? భయమూ వచ్చింది, దాచినందుకు ఒళ్ళూ మండింది.

ఆయన బండి ఆపి, తాళం చెవి తీసి మెకానిక్కు చేతిలో పెట్టి, "మమ్మల్ని ఇంటి దగ్గర దింపవయ్యా" అని ఎడమవైపు తలుపు దగ్గరికి నడిచారు.

"ఇల్లు తర్వాత, ముందు చెవుల డాక్టరు దగ్గరికి పదండి" అన్నాను. పలకలేదు. నేను వెనక నుంచి అన్నానని అప్పుడు తట్టింది. చుట్టూ తిరిగి వెళ్ళి, నా ముఖం కనపడేలా ఆయన ఎదురుగా నిలబడి, మళ్ళీ అన్నాను.