బెంగళూరు గాలికి కట్టిన లెక్క

పోయినవి ముందు రాస్తాను. మూడో సిలిండర్ పిస్టన్ ఒకటి, దాని రింగులు మూడు. కొస కరిగిన ప్లగ్గు ఒకటి, దాని పక్కనున్న పాపానికి మార్చేసిన మంచి ప్లగ్గులు మూడు. హెడ్ గాస్కెట్ ఒకటి. ఇంజనాయిలు నాలుగు లీటర్లు. మా అక్కాబావలు అందుకోలేకపోయిన నెల్లూరి పెళ్ళి ఒకటి. ఆ తర్వాత బావ నాతో మాట్లాడకుండా గడిపిన రోజులు పంతొమ్మిది.

నేను ఇంజనీరును కాను. బెంగళూరు పీణ్యలో ఇరవై ఏళ్ళకు పైగా లేత్ మీద పని చేస్తున్నాను. డ్రాయింగులో కొలత ఎంతో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, అంతే ఎందుకుండాలో చెప్పేవాళ్ళు దొరకలేదు. ఆ ఎందుకు కోసమే సొంతంగా లెక్కలు నేర్చుకున్నాను. బావకు చిక్కపేటలో బట్టల దుకాణం. పాత కారును అమ్మడానికి మనసొప్పక, దానికి టర్బో పెట్టమని నన్నే అడిగాడు.

టర్బో బిగించడం చిన్న పని. బయటికి పోయే పొగ వేగానికి తిరిగే పంకా అది, గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తుంది. పెద్ద పని ఆ తర్వాతది. గాలి పెరిగినకొద్దీ పెట్రోలు పెరగాలి. ఒత్తిడి పెరిగినకొద్దీ నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడాలి. లేకపోతే పెట్రోలు తనంతట తానే అంటుకుని పిస్టన్‌ను సుత్తితో బాదినట్టు బాదుతుంది. ఈ అంకెలన్నీ కారులోని కంప్యూటర్‌లో ఒక పట్టికగా ఉంటాయి. ఒక్కో ఒత్తిడికి ఒక్కో వరుస, ఒక్కో వేగానికి ఒక్కో గడి.

ఆరు ఆదివారాలు తెల్లవారగానే తుమకూరు రోడ్డు మీద ఆ గళ్ళు నింపాను. బావ తోలేవాడు. నేను ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని మీటరు చూస్తూ రాసుకునేవాణ్ణి.

"నేను డ్రైవరు, నువ్వు కండక్టరు. టికెట్లు కొట్టుకుంటా ఉండప్పా," అనేవాడు.

ఎంత తొక్కినా మీటరులో గాలి ఒత్తిడి నూట ముప్పై ఒకటి కిలోపాస్కళ్ళు దాటలేదు. ఆ ఒత్తిడి పడే నూట ముప్పై అయిదు వరుస దాకా కొలిచి నింపాను. దానిపైన, నూట ముప్పై అయిదు దాటితే వాడే నూట నలభై అయిదు వరుస ఒకటి మిగిలింది. ఇంజన్ అక్కడికి పోనే పోదు. ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదు కాబట్టి కింది వరుస అంకెలనే అందులో దించేశాను.

మే నెలలో బావ, అక్క ఆ కారులో నెల్లూరికి బయలుదేరారు. మధ్యాహ్నం బావ ఫోను చేశాడు.

"నాయుడుపేట దాటినాక టకటకా అనె, పొగ వచ్చె, నిలిచిపోయె. లెక్క సరింగా ఉండాదని చెప్తివే. లెక్క నీకాడ ఉండాది, బండి ఈడ ఉండాది."

అంతే, పెట్టేశాడు.

మర్నాడు కారును తేవడానికి లారీ మాట్లాడుకుని నేనే వెళ్ళాను. కోలారు దగ్గర నీళ్ళు తాగి ఖాళీ సీసాకు గట్టిగా మూత బిగించి పక్కన పెట్టాను. నాయుడుపేట దాటి కారు దగ్గర దిగేసరికి ఆ సీసా ఎవరో పిడికిట్లో పట్టి నొక్కినట్టు లోపలికి పోయి ఉంది.

"ఎండకు మెత్తబడుంటాది లేన్నా," అన్నాడు లారీ డ్రైవరు.

ఎండకైతే ఉబ్బాలి. సీసా చేత్తో పట్టుకునే కారు తలుపు తీసి, ఇంజన్ ఆడించకుండా తాళం మాత్రం తిప్పాను. గాలి ఒత్తిడి నూరు చూపించింది. బెంగళూరులో ప్రతి ఆదివారం అదే మీటరు తొంభై ఒకటి చూపించేది. మా ఊరు, కోలారు ఎత్తు మీద ఉన్నాయి, అక్కడి గాలి పలచన. ఆ పలచని గాలితో మూసిన సీసానే ఇక్కడి చిక్కటి గాలి నొక్కేసింది. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న గాలి కావడంతో, గాలంటే అంతేననుకున్నాను. తొంభై ఒకటికి టర్బో నలభై కలిపితే నూట ముప్పై ఒకటి. నూరుకు నలభై కలిపితే నూట నలభై. కారు సరిగ్గా నేను కొలవని వరుసలోకి పోయింది. అక్కడ పెట్రోలు నూటికి ఏడు పాళ్ళు తక్కువ, రవ్వ ఇంజన్ తిరుగుడులో రెండు డిగ్రీలు ముందు. పైగా ఆ ఎండ.

కారును బెంగళూరుకు తెచ్చి ఇంజన్ విప్పాను. బావ టర్బో పీకేయించి కారును ఇంకో మెకానిక్కుకు ఇవ్వబోతున్నాడని అక్క చెప్పింది. ఇస్తే తప్పు నా పేరున అట్లాగే మిగిలిపోతుంది, దిద్దే వీలు ఉండదు. పంతొమ్మిదో రోజు విరిగిన పిస్టన్, ఒక కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. తప్పు బండిది కాదు, పెట్రోలుది కాదు, నాదేనని చెప్పి ఆ వరుస చూపించాను.

బావ కాగితం చాలాసేపు చూశాడు. "అంటే కొలవకుండానే రాసేస్తివి."

"ఒక్క వరుస, బావా."

"నేను గుడ్డ కొలవకుండా చింపితే గిరాకి ఊరుకుంటాడా?"

బావ గజంబద్దను బల్ల మీద అటూ ఇటూ జరిపి అడిగాడు, "ఇప్పుడు ఆ వరుసలో ఏం రాస్తావు?"

"ఇప్పుడేం రాయను. కింద నాయుడుపేటకు పోయి కొలిచి రాస్తా. అంతవరకు టర్బో ఒత్తిడి సగానికి తగ్గిస్తా. నీకు వేగం తగ్గుతాది."

"ఎవరు తోలేది?"

"నువ్వు తోలితేనే."

"మీ అక్కకు చెప్పద్దు. తనూ వస్తానంటాది, దోవంతా గలాటె," అన్నాడు. కాగితం మడిచి తన జేబులోనే పెట్టుకున్నాడు.

కొత్త పిస్టన్ వేసి, కొలిచేటప్పుడు ఇంజన్ చెడకుండా ఆ వరుసంతా ప్రస్తుతానికి పెట్రోలు ఎక్కువగా, రవ్వ ఆలస్యంగా ఉండేలా మార్చి, కొలతకు మాత్రం టర్బో ఒత్తిడి మళ్ళీ పూర్తిగా పెంచి, ఇప్పటికి రెండుసార్లు నాయుడుపేటకు దిగాం. ఒక్కో గడిని మూడుసార్లు కొలిచి, మూడూ కలిస్తేనే రాస్తున్నాను. రెండో ప్రయాణంలో నేను పెన్ను తీయబోతే బావే ఆపాడు, "ఇది రెండోసారే కదా, ఇంకొకటి చూడు" అని. ఎండలో, ఎక్కువ వేగం మీద కొలవాల్సినవి వచ్చే మేలోనే కుదురుతాయి. ఆ తేదీ బావే దుకాణం క్యాలెండరులో చుట్టి పెట్టాడు. వరుసలో గళ్ళు పన్నెండు. కొలిచి రాసినవి ఎనిమిది. ఈ రోజుకు నేను బావకు బాకీ ఉన్నవి నాలుగు.